ఎర్ర లైను మెట్రో మీద ఒక చరిత్ర: స్ట్రోక్ తర్వాత మనసు సంగతి ఎవరు అడిగారు?

ఎల్బీ నగర్‌లో ఎర్ర లైను మెట్రో ఎక్కి మియాపూర్ దాకా వెళ్తే 27 స్టేషన్లు, 29 కిలోమీటర్లు. మనలో ఎక్కువమంది అమీర్‌పేటలో దిగిపోయే బ్యాచే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో రీల్స్, స్టేషన్ల పేర్లు ఎవరు వింటారు? ఈసారి ఎక్కినప్పుడు ఒక్కసారి వినండి. ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఎర్రమంజిల్, పంజాగుట్ట, ఎర్రగడ్డ. మన నగరంలో మెదడుకు, మనసుకు జరిగిన వైద్యం చరిత్రలో చాలా భాగం ఈ ఒక్క లైను పక్కనే ఉంది. అందులో ఒక ముక్క ఇవాళ చెప్తాను. పక్షవాతం వచ్చి, కాలు చెయ్యి కొంచెం తేరుకున్న మనిషి లోపల ఏం జరుగుతుందో వైద్యులు ఎప్పటినుంచి అడగడం మొదలుపెట్టారు, అందులో హైదరాబాద్ ప్రపంచానికి ఏం చెప్పింది అన్నది మన టాపిక్.

ముందు పేర్లు చూద్దాం, ఎందుకంటే అసలు తిరకాసు పేర్లలోనే ఉంది. పక్షవాతం అంటాం. పక్షం అంటే ఒక పక్క, వాతం అంటే మన పాత వైద్యం లెక్కలో వాయువు. ఒళ్లు ఒక పక్క పడిపోయే వాత రోగం అన్నమాట. మలక్‌పేట, చాదర్‌ఘాట్ దిక్కు పెద్దవాళ్లను అడిగితే ఫాలిజ్ అంటారు. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట, రెండుగా చీలడం అనే అర్థంలోంచి పుట్టింది. ఇళ్లల్లో మనం మామూలుగా అనేది "కాలు చెయ్యి పడిపోయింది" అని. ఈ పేర్లన్నీ గమనించండి. అన్నీ ఒంటి గురించే. అసలు దెబ్బ తగిలింది తలలో. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోయో, చిట్లిపోయో కొంత మెదడు చచ్చిపోతుంది. కానీ పేరు మాత్రం కాలికి, చేతికి పెట్టుకున్నాం. పేరు ఎక్కడుంటే చూపు అక్కడే ఉంటుంది కదా. అందుకే పావురం రక్తం రాసే నాటు వైద్యుడి నుంచి ఫిజియోథెరపీ చేయించే పిల్లాడి దాకా అందరూ చూసేది చెయ్యి లేస్తుందా, కాలు కదులుతుందా అనే. (పావురం రక్తంతో ఏ ప్రయోజనమూ లేదు. ఈ మాట ఇంకా చెప్పాల్సి రావడమే బాధ.)

మనసుకు వేరే చోటు ఉండేది. చాలా దూరంగా. నిజాం రాజ్యంలో మానసిక రోగుల ఆసుపత్రి జాల్నాలో ఉండేది. ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న జాల్నా. 1953లో దాన్ని హైదరాబాద్‌కు మార్చారు, ఎర్రగడ్డకు. అప్పటికి ఎర్రగడ్డ ఊరి చివర. ఆ తర్వాత ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. సినిమాల్లో, హాస్టల్ గదుల్లో, క్లాసులో వెనక బెంచీల్లో "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా" అనేది ఒక జోకు అయిపోయింది. ఊరి పేరే తిట్టు అయిపోయింది. మీరు నవ్వుకున్న ఆ జోకు వల్ల ఎంతమంది తమకు నిద్ర పట్టడం లేదని, ఏడుపు ఆగడం లేదని డాక్టర్‌కు చెప్పకుండా ఉండిపోయారో లెక్క తీసినవాళ్లు లేరు.

ఇక మెదడు పక్షం. 1964లో పంజాగుట్టలో నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రి వచ్చింది, నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ అని. 1980లో అది నిమ్స్ అయింది. తర్వాత్తర్వాత నరాల విభాగానికి పెద్ద పేరు వచ్చింది. చూడండి, పంజాగుట్ట నుంచి ఎర్రగడ్డకు మెట్రోలో నాలుగే నాలుగు స్టేషన్లు. కానీ చాలాకాలం వైద్యంలో వాటి మధ్య దూరం పంజాగుట్ట నుంచి జాల్నా అంత. మెదడు దెబ్బతింటే ఒక ఊరు, మనసు చెడితే ఇంకో ఊరు. ఒకే మనిషికి రెండూ ఒకేసారి జరిగితే? ఆ మనిషి ఏ స్టేషన్‌లో దిగాలి?

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. పాశ్చాత్య దేశాల్లో కూడా చాలాకాలం డాక్టర్లు అనుకున్నది ఒకటే. చెయ్యి పడిపోయింది, ఉద్యోగం పోయింది, ఇంకొకరి మీద ఆధారపడాల్సి వచ్చింది, అలాంటప్పుడు దిగులు రాదా? వస్తుంది, సహజం, దానికి వైద్యం ఏంటి అని. వినడానికి బాగానే ఉంది. 1977లో మార్షల్ ఫోల్‌స్టీన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్లు దీన్ని పరీక్షకు పెట్టారు. వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఇంటర్ చదివే పిల్లలకు కూడా అర్థమయ్యేంత సింపుల్. స్ట్రోక్ వచ్చినవాళ్లు 20 మందిని తీసుకున్నారు. ఎముకలు, కీళ్ల సమస్యతో అంతే కదల్లేని స్థితిలో ఉన్నవాళ్లు 10 మందిని తీసుకున్నారు. కష్టం చూస్తే ఇద్దరిదీ ఒకటే, మంచం మీద నుంచి లేవలేకపోవడం. దిగులుకు కారణం ఆ కష్టమే అయితే ఇద్దరిలోనూ దిగులు సమానంగా ఉండాలి. లేదు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో 45 శాతం మందికి డిప్రెషన్ ఉంది. ఎముకల వాళ్లలో 10 శాతం. అంటే 20లో 9 మంది, 10లో ఒక్కరు. చిన్న స్టడీయే, ముప్పై మందితో ప్రపంచం మారదు. కానీ ప్రశ్న మారింది. దిగులు కేవలం కష్టానికి వచ్చిన స్పందన కాదు, దెబ్బతిన్న మెదడు నుంచి కూడా వస్తుందేమో అన్న మాట టేబుల్ మీదికి వచ్చింది.

(ఈ ఫోల్‌స్టీన్ పేరు మెడికోలకు ఇంకోలా తెలుసు. ఇవాళ ఏ రోజు, ఇది ఏ ఊరు, వంద నుంచి ఏడు తీసేస్తూ పోండి అని అడిగి 30కి మార్కులు వేస్తారు చూడండి, ఆ మినీ మెంటల్ పరీక్ష 1975లో ఈయన, ఈయన తోటివాళ్లు తయారుచేసిందే.)

ఆ తర్వాత రాబర్ట్ రాబిన్సన్ అనే ఇంకో అమెరికన్ డాక్టర్ ఒక అడుగు ముందుకు వేశాడు. మెదడులో ఎడమ పక్క, ముందు భాగంలో దెబ్బ తగిలితే డిప్రెషన్ ఎక్కువ అని 1980ల్లో వాదించాడు. పది పదిహేనేళ్లు పుస్తకాల్లో అదే చదువుకున్నారు. 2000లో లాన్సెట్ పత్రికలో అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసి, చోటుకూ డిప్రెషన్‌కూ అలాంటి లింకు కనపడటం లేదని తేల్చారు. సైన్స్ ఇలాగే నడుస్తుంది, దాన్ని చూసి "డాక్టర్లకే తెలీదు" అనుకోవద్దు. ఒకటి మాత్రం నిలబడింది. ప్రపంచంలో వేరువేరు దేశాల స్టడీలు కలిపి చూస్తే స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తోంది. ముగ్గురిలో ఒకరు. ఇది చిన్న విషయం కాదు. చెయ్యి పడిపోవడాన్ని మనం స్ట్రోక్ లక్షణం అంటాం, దీన్నేమో "వయసు వల్ల చాదస్తం" అంటాం.

మతిమరుపు కథ ఇంకొంచెం వేరే. వయసు మళ్లాక బుద్ధి తగ్గడానికి రక్తనాళాలు మెల్లగా గట్టిపడి సన్నబడటమే కారణమని చాలాకాలం నమ్మారు. 1974లో వ్లదిమిర్ హచిన్‌స్కీ అనే నరాల డాక్టర్ ఆ నమ్మకాన్ని తిరగేశాడు. నాళాలు సన్నబడటం కాదు, ఒకటి తర్వాత ఒకటి చిన్నా పెద్దా స్ట్రోకులు వచ్చి మెదడు ముక్కలు ముక్కలుగా చచ్చిపోవడం వల్ల వచ్చే మతిమరుపు అది అన్నాడు. ఇది ఎందుకు ముఖ్యమంటే, ముసలితనాన్ని ఆపలేం, కానీ రెండో స్ట్రోకును ఆపొచ్చు. బీపీ, షుగర్, సిగరెట్ చూసుకుంటే. అంటే మతిమరుపులో కొంత భాగం విధి కాదు, ఆపగలిగేదే.

ఇక్కడ కాస్త ఆగి మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను, ఈ చరిత్ర నాకెందుకు పట్టుకుందో అర్థమవుతుంది.

మా పెద్దనాన్న ఆర్టీసీలో కండక్టర్. దిల్‌సుఖ్‌నగర్ డిపో. నల్గొండ దిక్కు నుంచి వచ్చి చైతన్యపురిలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన బస్సులో నేను చిన్నప్పుడు కోఠి దాకా చాలాసార్లు వెళ్లాను. ఆయన మాట విని తీరాలి. ఒక చేత్తో టికెట్లు, ఇంకో చేత్తో చిల్లర. మలక్‌పేట రాగానే "ఆగే బఢో, ఆగే బఢో", వెనక్కి తిరిగి ఊరి నుంచి వచ్చిన ముసలామెతో "అవ్వా, నువ్వు దిగేది ఇంక రెండు స్టాపుల తర్వాత, కూసో", కాలేజీ పిల్లలతో "పాస్ చూపించు, ఫొటో ఏది". నిమిషంలో మూడు భాషలు మార్చేవాడు. లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

రిటైరైన కొన్నాళ్లకు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు. మాట నాలుగు రోజులు ముద్దగా వచ్చి మళ్లీ సర్దుకుంది. ఆరు నెలలకు కర్ర లేకుండా నడిచాడు. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దాకా పోయి వచ్చేవాడు. ఒక ఆసుపత్రిలో ఫైలు చూసి "నడుస్తున్నాడు కదా, ఇంక బాగయినట్టే" అన్నారు. ఫైలు నిండా బీపీ, షుగర్, చేతి బలం ఐదుకు నాలుగు. మనసు గురించి ఒక్క లైను లేదు. ఇంట్లో మాత్రం మనిషి వేరే అయిపోయాడు. కిరాణా కొట్టుకు పంపితే ఐదొందల నోటుకు ఎంత తిరిగి రావాలో తేల్చుకోలేక అట్లే నిలబడిపోయేవాడు. డిపో దోస్తులు వస్తే పడుకున్నానని చెప్పించేవాడు. టీవీలో ఎవరో పెళ్లి చూసి ఒక్కసారిగా ఏడ్చేసేవాడు, అరనిమిషంలో ఆపేసేవాడు. మా పెద్దమ్మ "పని తప్పించుకుంటుండు" అనేది. పక్కింటివాళ్లు "గడ్డం కూడా గీసుకోడు, బద్ధకం పెరిగింది" అనేవాళ్లు.

తర్వాత వేరే చోట ఒక నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. ఆమె చెయ్యి చూడక ముందే అడిగింది, "ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్తారో చెప్పండి" అని. ఆవు, బర్రె, మేక. ఆగాడు. మళ్లీ ఆవు. మూడు భాషల్లో బస్సు నిండా మనుషుల్ని నడిపించిన మనిషి. తర్వాత ఆమె, మనసెలా ఉంటుంది, దిగులుగా ఉంటుందా అని తెలుగులో అడిగింది. "బాగనే ఉంది" అన్నాడు. అదే ప్రశ్న హైదరాబాదీ ఉర్దూలో అడిగింది. కాసేపు కిందికి చూసి "దిల్ నై లగ్రా సాబ్" అన్నాడు. దేని మీదా మనసు పట్టడం లేదని. దిల్‌సుఖ్ అని పేరున్న చోట ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టిన మనిషి అన్న మాట అది.

ఆ భాష మార్చి అడగడం అనేదే నన్ను ఈ రీసెర్చి వైపు తీసుకెళ్లింది. ఇప్పుడు అసలు హైదరాబాద్ కథలోకి వద్దాం.

మన నగరానికి రెండు మూడు భాషలు మాట్లాడటం ఎవరూ నేర్పలేదు, బతుకే నేర్పింది. నిజాం దర్బారులో 1884 దాకా పర్షియన్, ఆ తర్వాత ఉర్దూ. ఇళ్లల్లో తెలుగు, మరాఠీ, కన్నడ, దక్కనీ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువు ఉర్దూలో. డాక్టరు చదువు కూడా ఉర్దూలోనే! ఇవాళ మాతృభాషలో మెడిసిన్ సాధ్యమా అని టీవీల్లో చర్చలు పెడుతున్నారు, మన ఉస్మానియా మెడికల్ కాలేజీలో వందేళ్ల కిందటే ఇక్కడి భాషలో పాఠాలు చెప్పారు. 1956 తర్వాత ఆంధ్ర ప్రాంతం నుంచి, నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి జనం వచ్చారు. ఎల్బీ నగర్, వనస్థలిపురం, కొత్తపేట, చైతన్యపురి ఇట్ల నిండినవే. కూరగాయలమ్మే ఆమెకు బడి లేదు, కానీ ఆమె మూడు భాషల్లో బేరం ఆడుతుంది.

పడమటి దేశాల్లో అయితే 20వ శతాబ్దం సగం దాకా రెండు భాషలు పిల్లల బుర్రను పాడుచేస్తాయని నమ్మారు. 1962లో కెనడాలో మాంట్రియల్ పిల్లల మీద చేసిన స్టడీతో ఆ నమ్మకం కూలింది. 2007లో అదే కెనడాలో, టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందం ఇంకో సంగతి చెప్పింది. మతిమరుపు జబ్బు రెండు భాషలవాళ్లకు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని. అయితే ఒక చిక్కు. అక్కడి రెండు భాషలవాళ్లలో ఎక్కువమంది వేరే దేశం నుంచి వలస వచ్చినవాళ్లు. ఆలస్యానికి కారణం భాషా, లేక వలస వచ్చిన మనుషుల బతుకుతీరా? విడదీయలేరు.

విడదీయాలంటే ఏం కావాలి? పుట్టి పెరిగిన ఊళ్లోనే, వలస పోకుండానే, చదువు ఉన్నా లేకపోయినా జనం రెండు మూడు భాషలు మాట్లాడే నగరం కావాలి. అదే హైదరాబాద్. నిమ్స్‌లో నరాల డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఇంకొందరు కలిసి ఈ పని చేశారు. 2013లో వాళ్ల మొదటి పేపర్ వచ్చింది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల్ని చూశారు. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అసలు చదువే లేనివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది బడి ఇచ్చిన బలం కాదు. మన కూరగాయలమ్మ బేరం ఆడే బలం.

రెండో పేపర్ స్ట్రోక్ మీద. 2015 నవంబర్‌లో బయటికొచ్చింది, పత్రిక పేరు కూడా 'స్ట్రోక్'. 2006 నుంచి 2013 దాకా నిమ్స్ రిజిస్టర్‌లో ఉన్న 608 మందిని చూశారు, అందరూ రక్తనాళం పూడుకుపోయి స్ట్రోక్ వచ్చినవాళ్లు. డాక్టర్ సుభాష్ కౌల్ ఆ పేపర్‌లో ఉన్నారు, భాషాశాస్త్రం నుంచి దుగ్గిరాల వసంత గారు ఉన్నారు. ఫలితం ఏంటంటే, స్ట్రోక్ తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు ఒక్క భాషే మాట్లాడేవాళ్లలో 19.6 శాతం, ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో 40.5 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ. వయసు, బీపీ, షుగర్, సిగరెట్, చదువు ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా భాషల ప్రభావం నిలబడింది.

ఇంకో అంకె ఉంది, అది నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. మాట పడిపోవడం, అఫేజియా అంటారు, అది రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. ఒకరిలో 11.8 శాతం, ఇంకొకరిలో 10.5. ఎక్కువ భాషలు వచ్చినవాళ్లకు భాష మీద దెబ్బ తక్కువ తగలాలి కదా? తగల్లేదు. మరి లాభం ఎక్కడ వచ్చింది? రీసెర్చర్లు చెప్పిన వివరణ ఇది. రెండు భాషల మనిషి నోరు తెరిచిన ప్రతిసారీ ఒక భాషను ఆపి ఇంకోదాన్ని వదలాలి. "ఆగే బఢో" ఆపి "అవ్వా కూసో" అనాలి. ఇది భాష పని కంటే ధ్యాస పని. ఎటు చూడాలి, దేన్ని వదిలేయాలి, ఎప్పుడు మారాలి. ఏళ్ల తరబడి ఈ కసరత్తు చేసిన మెదడుకు కొంత నిలవ ఉంటుంది, ఒక దారి మూసుకుపోతే ఇంకో సందులోంచి పోతుంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో జామ్ అయితే నాగోల్ మీదుగా పోయే ఆటో అన్న లాగా.

ఇప్పుడు మీరు అడుగుతారు, మరి మీ పెద్దనాన్నకు మూడు భాషలు వచ్చు కదా అని. కరెక్టు ప్రశ్న. మొదటి జవాబు, శాతం అంటే శాతమే. 40.5 శాతం బాగున్నారంటే మిగతావాళ్లు అంత బాగా లేరనే. రెండో జవాబు, ఈ పేపర్ చూసింది ఆలోచన, జ్ఞాపకం, ధ్యాస. దిగులు కాదు. ఎక్కువ భాషలు వస్తే డిప్రెషన్ రాదని ఎవరూ చెప్పలేదు. మూడోది, ఈ వాదనకు ఎదురు వాదన కూడా ఉంది. జబ్బు లేనివాళ్లను ముందే ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట నడిచిన కొన్ని స్టడీల్లో రెండు భాషల లాభం కనిపించలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెడితే రానివాళ్ల సంగతేంటి అన్నది గట్టి ప్రశ్నే. నా అభిప్రాయం అడిగితే, "రోజూ డ్యులింగో చేయండి, స్ట్రోక్ వచ్చినా ఏం కాదు" అనే రీల్స్ నమ్మకండి. యాప్‌లో కప్ప పేరు నేర్చుకోవడం వేరు, ముప్పై ఏళ్లు రెండు భాషల్లో బతకడం వేరు. ఈ స్టడీలో రెండు భాషల మనిషి అంటే ఆ భాషల్లో ఎదుటివాళ్లతో మాట్లాడి బతుకు నడిపే మనిషి.

కానీ నా లెక్కలో ఈ హైదరాబాద్ పని అసలు విలువ ఆ 40.5 అంకెలో కూడా లేదు. ఆ 608 మంది ఫైళ్లలో ఆలోచన, జ్ఞాపకం అనే గడి ఉండటంలో ఉంది. ఇంగ్లండ్‌లో అడెన్‌బ్రూక్స్ ఆసుపత్రిలో పుట్టిన పరీక్షను మన భాషల్లోకి మార్చుకుని వాడారు. మార్చడం అంటే అనువాదం కాదు. గడియారం బొమ్మ గీయమంటుంది ఆ పరీక్ష. జీవితంలో పెన్సిల్ పట్టని మనిషి గడియారం గీయలేకపోతే అది జబ్బా? చదువురాని వాళ్లకు పరీక్ష వేరేలా ఉండాలి. మన దేశంలో ఈ పని హర్యానాలో బల్లబ్‌గఢ్ పల్లెల్లో కూడా జరిగింది, 1990ల్లో హిందీలో. ఇలాంటి చాకిరీకి అవార్డులు రావు, వార్తల్లో రాదు. కానీ ఇది లేకపోతే మా పెద్దనాన్న "ఆవు, బర్రె, మేక" దగ్గర ఆగిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు. తర్వాత సువర్ణ గారు బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు, అక్కడా ఇదే దారిలో పని చేస్తున్నారు.

మందుల చరిత్ర చిన్నగా చెప్పేసి ముగిస్తాను. ఫ్లూయాక్సిటిన్ అని డిప్రెషన్‌కు వాడే పాత మందు ఉంది. 2011లో ఫ్రాన్స్‌లో ఒక చిన్న ట్రయల్‌లో, స్ట్రోక్ వచ్చిన అందరికీ ఇస్తే చేతులు కాళ్లు తొందరగా కోలుకుంటున్నాయని వచ్చింది. ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. 2018లో బ్రిటన్‌లో 3,127 మందితో ఫోకస్ అనే పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. కోలుకోవడంలో తేడా లేదు. డిప్రెషన్ కొంత తగ్గింది, కానీ ఎముకలు విరగడం పెరిగింది. అంటే డిప్రెషన్ ఉన్నవాళ్లకు డాక్టర్ చూసి ఇస్తే పనికొస్తుంది, ముందుజాగ్రత్తగా అందరికీ మింగించేది కాదు. "యూట్యూబ్‌లో చెప్పారు" అని మెడికల్ షాపులో కొనుక్కోవద్దు, ముఖ్యంగా నా వీడియో చూసి.

మన ఎల్బీ నగర్ సంగతి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, మామిడిపళ్ల సీజన్‌లో హైవే అంతా ఆ వాసనే. ఆ మార్కెట్‌ను బాటసింగారం దిక్కు పంపించి, ఆ స్థలంలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. పెద్ద బిల్డింగు, స్కానర్లు అన్నీ అవసరమే. నేను కోరుకునేది చాలా చౌకైనది. స్ట్రోక్ రోగిని ఇంటికి పంపే కాగితంలో రెండు గడులు. "జ్ఞాపకం, ధ్యాస పరీక్షించారా? ఏ భాషలో?" "దిగులు గురించి అడిగారా? ఏ భాషలో?"

ఆసుపత్రి అడిగేదాకా మనం ఆగక్కర్లేదు. ఇంట్లో స్ట్రోక్ వచ్చిన మనిషి ఉంటే చేతిని మాత్రమే చూడకండి. ఇంతకుముందు తనంతట తాను చేసిన ఫోన్‌పే ఇప్పుడు చేయగలుగుతున్నారా? పిన్ గుర్తుందా, లేక గుర్తుండి కూడా మధ్యలో ఎక్కడున్నామో మర్చిపోతున్నారా? వాట్సాప్‌లో రోజూ గుడ్ మార్నింగ్ పంపే మనిషి ఆపేశారా? తెలిసిన గల్లీలో దారి తప్పుతున్నారా? ఒకేసారి రెండు పనులు చెప్తే గందరగోళపడుతున్నారా? రెండు వారాలకు పైగా తిండి మీద, మనుషుల మీద ఆసక్తి లేదా, నిద్ర చెడిందా? ఉన్నట్టుండి ఏడుపు, లేదంటే నవ్వు, తమకే సంబంధం లేనట్టు వచ్చిపోతోందా? ఇది దిగులే కానక్కర్లేదు, భావాల మీద అదుపు తప్పించే మెదడు దెబ్బ కూడా కావచ్చు, దానికీ వైద్యం ఉంది. మాట పోయినవాళ్లు దిగులు చెప్పుకోలేరు కాబట్టి వాళ్ల విషయంలో మీ కళ్లే సాక్ష్యం. ఇవన్నీ ఫోన్ నోట్స్‌లో తేదీ వేసి రాసుకుని డాక్టర్‌కు చూపించండి. "బద్ధకం" అనే మాట దగ్గర ఆగిపోవద్దు. చచ్చిపోవాలనిపిస్తుంది అని ఒక్కసారి అన్నా సరే, తేలిగ్గా తీసుకోకుండా అదే రోజు మాట్లాడించండి. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, రాత్రీపగలూ, తెలుగులో మాట్లాడతారు. స్క్రీన్ మీద వేస్తున్నాను.

మా పెద్దనాన్నకు మందు మొదలుపెట్టారు, వారానికోసారి ఒక అమ్మాయి దగ్గర జ్ఞాపకం, లెక్కల కసరత్తు చేయించారు. నెలలు పట్టింది. చిల్లర లెక్క ఇప్పటికీ పెద్దమ్మే చూస్తుంది. డిపో దోస్తులు వస్తే మాత్రం బయటికొచ్చి కూర్చుంటున్నాడు, ఎక్కువ మాట్లాడడు, వాళ్ల మాటలు వింటాడు.

వచ్చే ఎపిసోడ్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ ఉర్దూ పాఠాల కథ పూర్తిగా చెప్తాను, అందులో క్లోరోఫామ్ గొడవ కూడా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎన్ని భాషలు మాట్లాడతారో, ఎక్కడ నేర్చుకున్నారో కింద రాయండి. నేను చదువుతాను.